ఇంటిమీది సోలారు పలకలు: ఖర్చును లాభమును

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో డాబాలమీద నల్లని అద్దపు పలకలు ఏటేట హెచ్చుచున్నవి. వానిని చూచి, మన యింటను పెట్టింతమా అని పిల్లలు తండ్రుల నడుగుటయు, అది లాభమేనా అని తండ్రులు మమ్మడుగుటయు సామాన్యమైనది. దీనికి అవుననిగాని కాదనిగాని ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. ఒకే విధమైన పలక ఒక యింట నాలుగేండ్లలో తన వెల తీర్చును, వేరొక యింట ఎన్నటికిని తీర్చదు. ఈ భేదము ఎండవలన వచ్చినది కాదు, కరెంటు బిల్లువలన వచ్చినది. ఆ సంగతిని లెక్కవేసి చూపుటయే మా యుద్దేశము.

ముందుగా పలక పనిచేయు విధము. సిలికానుతో చేసిన పలుచని బిళ్లలపై వెలుగు పడినప్పుడు అందలి ఎలక్ట్రానులు కదలి విద్యుత్ప్రవాహ మేర్పడును. వెలుగువలన విద్యుత్తు పుట్టునని 1839వ సంవత్సరమున బెకెరెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొనెను. పనికివచ్చు సిలికాను బిళ్ల మాత్రము 1954లో గాని, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారు కాలేదు. అది తనపై పడిన వెలుగులో నూటికి ఆరుపాళ్లు మాత్రమే విద్యుత్తుగా మార్చెను. నేటి పలకలు ఇరువదిపాళ్లకు మించి మార్చుచున్నవి. పలకలనుండి వచ్చునది డి.సి. విద్యుత్తు. ఇంటిలోని పంకాలకును ఫ్రిజ్జులకును కావలసిన ఏ.సి.గా దానిని ఇన్వర్టరను యంత్రము మార్చును.

ఒక కిలోవాటు పలకలకు నీడపడని చోటు సుమారు నూరు చదరపుటడుగులు కావలయును. అవి సంవత్సరపు సగటున దినమునకు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇచ్చునని మన ప్రాంతమున లెక్కించుకొనవచ్చును. జులై, ఆగస్టు మబ్బులలో తగ్గును. మే నెల యెండలో మిక్కుటముగా వచ్చునని పిల్లలు తలంతురు గాని, అది పూర్తిగా నిజము కాదు. పలకకు కావలసినది వెలుగేగాని వేడిమి కాదు. పలక 25 డిగ్రీలకు మించి కాగినకొలదిని ప్రతి డిగ్రీకి దాని శక్తి నూటికి 0.3 నుండి 0.4 పాళ్లవరకు తగ్గును. ఆకాశము నిర్మలముగను గాలి కొంత చల్లగను ఉండు ఫిబ్రవరి, మార్చి దినములు దానికి మంచికాలము.

ఇక వెల. పలకలు, ఇన్వర్టరు, ఇనుప చట్రము, తీగలు, బిగించు కూలి అన్నియు కలిసి రెండు కిలోవాట్లకు సుమారు 1,40,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు సుమారు 2,00,000 రూపాయలగును. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటొక్కింటికి 30,000 రూపాయలు, మూడవదానికి 18,000 రూపాయలు సబ్సిడీ కలదు. మొత్తము 78,000 రూపాయలకు మించదు. కావున గృహస్థునకు నిలుచు ఖర్చు రెండు కిలోవాట్లకు 80,000, మూడింటికి 1,22,000 రూపాయలు. పథకము పేరులో ‘ముఫ్త్’ అను మాట యుండుటచే పలకలే ఉచితమని కొందరు భ్రమపడుచున్నారు. సబ్సిడీ యైనను ముందుగా చేతికి రాదు. పలకలు బిగించి, మీటరు మార్చి, తనిఖీ ముగిసిన పిదపనే అది బ్యాంకుఖాతాలో పడును. అందాక పూర్తివెల మనము పెట్టవలయును, లేదా అప్పు తేవలయును.

ఇప్పుడు బిల్లు చూతము. 2022 ఏప్రిలు నాటి ధరల పట్టిక ప్రకారము నెలకు 200 యూనిట్లలోపు వాడు ఇంటికి మొదటి నూరు యూనిట్లు 3 రూపాయల 40 పైసల చొప్పునను, తరువాతి నూరు 4 రూపాయల 80 పైసల చొప్పునను పడును. నూరు యూనిట్లు దాటనివారికి ఇంకను చౌక: మొదటి యేబదికి 1 రూపాయి 95 పైసలు, తరువాతి యేబదికి 3 రూపాయల 10 పైసలు. కాని 200 దాటినచో మొదటి యూనిటునుండియే ధర మారి 5 రూపాయల 10 పైసలగును. 201 నుండి 300 వరకు 7 రూపాయల 70 పైసలు, ఆపైన 400 వరకు 9 రూపాయలు, తరువాత 800 వరకు 9 రూపాయల 50 పైసలు. 200 యూనిట్లకు 820 రూపాయలైన ఇంట 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలగును. ఆ ఒక్క యూనిటు వెల 207 రూపాయల 70 పైసలన్నమాట! పెరటి బల్బు రెండురాత్రులు ఆర్పుట మరచినందుకు ఇంతటి జరిమానా ఉండునని పిల్లలు ఎరుగుట మంచిది.

మూడిండ్లను తీసికొందము. మొదటి యింట నెలకు 180 యూనిట్లు. ఆ యింటివారికి రేషను కార్డుండి, 2024 మార్చినుండి నడచుచున్న గృహజ్యోతి పథకము వర్తించినచో బిల్లు సున్న. పలకలు తీర్చుటకు అక్కడ ఖర్చే లేదు. వారికి సోలారు అమ్మజూపుట మాకు న్యాయముగా తోచదు. కార్డు లేనిచో బిల్లు 724 రూపాయలు. రెండు కిలోవాట్లు దానిని తీర్చినను, పెట్టిన 80,000 తిరిగివచ్చుటకు తొమ్మిదేండ్లు దాటును. ఆ సొమ్మునకు బ్యాంకులో వచ్చెడి వడ్డీని తలచుకొన్నచో ఇంకను ఆలస్యమే.

రెండవ యింట 300 యూనిట్లు, బిల్లు 1,790 రూపాయలు. రెండు కిలోవాట్లు 240 యూనిట్లిచ్చును. మిగిలిన 60 యూనిట్లకే తమ స్లాబు ధర పడినచో కట్టవలసినది 128 రూపాయల 50 పైసలు. సంవత్సరమునకు మిగులునది 19,938 రూపాయలు. నాలుగేండ్లలో వెల తీరును. అక్కడికక్కడే మూడవ కిలోవాటును పెట్టుమని అమ్మకపువారు చెప్పుదురు. దానికి మరి 42,000 కావలయును. అది తీర్చునది ఆ మిగిలిన 128 రూపాయల 50 పైసలను మాత్రమే. ఎక్కువైన యూనిట్లకు కొంత సొమ్ము వచ్చునుగాని, పై స్లాబు ధర వానికి రాదు. మొదటి రెండు కిలోవాట్ల పనితో దానిని పోల్చరాదు. పెద్దది పెట్టినకొలది లాభమనుట ఇక్కడ చెల్లదు.

మూడవ యింట ఏ.సి. యంత్రములును బోరు మోటారును కలసి 500 యూనిట్లు, బిల్లు 3,640 రూపాయలు. మూడు కిలోవాట్లు 360 యూనిట్లిచ్చును. 140 యూనిట్లకు 532 రూపాయలు కట్టవలసియుండును. నెలకు 3,108 రూపాయలు మిగిలి, మూడేండ్ల మూడునెలలకు వెల తీరును. పలకలకు ఇరువదియైదేండ్ల ఆయువు చెప్పుదురు. ఇన్వర్టరు మాత్రము సుమారు పదేండ్లకు మార్చవలసివచ్చును. ఈ లెక్కలన్నిటను మీటరు స్థిరరుసుములను చేర్చలేదు. అవి పలకలున్నను తప్పవు.

పగలు పుట్టిన కరెంటు రాత్రి దీపములకెట్లు వచ్చునని పిల్లలడుగుదురు. రాదు. పగటి మిగులు వీధి తీగలలోనికి పోవును. రాత్రి ఆ తీగలనుండియే తెచ్చుకొందుము. పోయినదియు వచ్చినదియు కొలుచు మీటరును నెట్ మీటరందురు. దీనివలన ఒక చిక్కు కలదు. కరెంటు పోయినప్పుడు, నడిమధ్యాహ్నమైనను, ఈ పలకలు ఇంటికి విద్యుత్తు ఇయ్యవు. తీగలు బాగుచేయువారు ప్రాణాపాయము పాలుగాకుండ ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవునట్లు చేయబడినది. కరెంటు కోతకు మందని తలచి కొన్నవారు ఈ సంగతి తెలిసి మిక్కిలి నిరాశ చెందుదురు. కోతలోను వెలుగు కావలయునన్నచో బ్యాటరీలు పెట్టవలయును. వాని ఖర్చు వేరు, పై లెక్కలు వానికి సరిపడవు.

మన ప్రాంతపు చిక్కులు కొన్ని. మేడ్చల్ పెద్దరోడ్డు లారీల ధూళి వారమునకే పలకలపై పొరగట్టును. పదిదినములకొకసారియైనను కడుగకున్నచో రాబడి తగ్గును. బోరునీటిని మధ్యాహ్నపుటెండలో చల్లి వదలినచో తెల్లని సున్నపుపొర మిగులును. ఉదయమే కడిగి గుడ్డతో తుడువవలయును. కోతుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. అవి తీగలు పీకును గనుక వానిని గొట్టములో నడిపింపవలయును.

అన్నిటికంటె ముఖ్యమైనది నీడ. పలకలు దక్షిణముఖముగా వాలియుండును. వరుసగా కలిపిన పలకలలో ఒక్కదానిపై నీళ్లట్యాంకు నీడ పడినను వరుస యంతయు మందగించును. శామీర్‌పేట దిక్కున నిన్నటి జొన్నచేను నేడు వెంచరగుచున్నది. దక్షిణపు ప్లాటు ఖాళీగా నున్నచో అక్కడ రేపు ఎన్ని అంతస్తులు లేచునో ముందుగా ఆలోచింపవలయును. అద్దెయిండ్లవారికి ఈ పని పొసగదు. అపార్టుమెంటువారు డాబా అందరిది గనుక సంఘముగా కూడి మాటలాడుకొనవలయును.

పెట్టింపదలచినవారు ముందుగా గడచిన పండ్రెండు నెలల బిల్లులను తీసి, నెలకెన్ని యూనిట్లో వరుసగా వ్రాసికొనవలయును. ఒక్క మే నెల బిల్లు చూచి నిర్ణయింపరాదు. అమ్మకపువాడు ఇచ్చు లెక్కలో ప్రతి యూనిటునకు పై స్లాబు ధర వేసెనా అని చూడవలయును. పథకము క్రింద నమోదైనవాడేనా, ఐదేండ్ల మరమ్మతు వ్రాతమూలముగా నిచ్చుచున్నాడా అనియు అడుగవలయును. బిల్లుల పట్టిక కూడుట మా పదవతరగతి పిల్లలు ఒక సాయంకాలములో చేయగల పని. తండ్రులు వారికప్పగింపవచ్చును.