ఐ.ఎస్.ఓ. బోర్డు వెనుక ఏముంది?

ప్రగతి నగర్: కూకట్‌పల్లి జె.ఎన్.టి.యు. దగ్గర మలుపు తిరిగి లోపలికి వస్తే ప్రగతి నగర్. చాలాకాలం ఇది గ్రామ పంచాయతీ. 2019లో నిజాంపేట, బాచుపల్లితో కలిపి నగరపాలక సంస్థ చేశారు. హైటెక్ సిటీకి పోయివచ్చే కంప్యూటర్ ఉద్యోగులు ఇక్కడ కాపురాలుంటారు. ఒక పక్క బాచుపల్లి మందుల ఫ్యాక్టరీలు, మరో పక్క జీడిమెట్ల, బాలానగర్ షెడ్లు. ఈ చుట్టుపక్కల ఏ రోడ్డున పోయినా బోర్డుమీద కంపెనీ పేరు కింద ఒక మాట రాసి వుంటుంది: "ఐ.ఎస్.ఓ. 9001 సర్టిఫైడ్". లేత్ షెడ్డుకు వుంది, స్కూలుకు వుంది, ఆస్పత్రికి వుంది, ఇల్లు మారేవారి సామాను మోసే కంపెనీకీ వుంది.

పల్లె నుంచి వచ్చిన రైతు బోరు మోటారు బేరం చేస్తూ ఆ మాట చూసి "సర్కారు ముద్ర వుంది కదా" అనుకుంటాడు. అమ్మేవాడు కాదనడు. అసలు చిక్కంతా అక్కడే.

ఐ.ఎస్.ఐ. వేరు, ఐ.ఎస్.ఓ. వేరు. ఐ.ఎస్.ఐ. మార్కు వస్తువుకు వేస్తారు. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ పంపుసెట్‌కు ఐ.ఎస్. 8034 అనీ, నీళ్ల పి.వి.సి. పైపులకు ఐ.ఎస్. 4985 అనీ ప్రమాణాలున్నాయి. ఆ ప్రమాణం ప్రకారం సరుకు తయారైతేనే ఆ మార్కు. మార్కుపైన ప్రమాణం నంబరు, కింద సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో లైసెన్సు నంబరు వుండాలి. ఐ.ఎస్.ఓ. 9001 మోటారుకు ఇచ్చేది కాదు, పైపుకు ఇచ్చేది కాదు. కంపెనీలో పని నడిచే పద్ధతికి ఇచ్చేది. అందుకే దాన్ని సరుకు మీద నాణ్యానికి గుర్తుగా ముద్రించకూడదని నిబంధన.

ఐ.ఎస్.ఓ. అనేది దేశదేశాల ప్రమాణ సంస్థలు కలిసి పెట్టుకున్న సంఘం. 1946లో లండన్‌లో 25 దేశాల ప్రతినిధులు సమావేశమై నిర్ణయించగా 1947లో పని ప్రారంభమైంది. కేంద్ర కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో వుంది. 'సమానం' అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి ఆ పేరు తీసుకున్నామని సంస్థవారు చెబుతారు. మన దేశంలో ఐ.ఎస్.ఐ. పుట్టిందీ 1947లోనే. 1987 నుంచి అది భారత ప్రమాణాల సంస్థగా మారింది. అదే 1987లో జెనీవా సంస్థ 9001 నంబరు ప్రమాణాన్ని మొదటిసారి అచ్చువేసింది.

దాని మూలం ఆయుధాల కొనుగోళ్లలో వుంది. వచ్చిన ప్రతి తూటానూ పరీక్షించి చూడలేరు. పేలిస్తే తప్ప తెలియదు, పేలిస్తే ఇక మిగలదు. కనుక తయారుచేసే పద్ధతినే తనిఖీ చేయాలని సైన్యాలు ఆలోచించాయి. 1959లో అమెరికా సైన్యం అటువంటి నిబంధనలు రాసింది. 1979లో బ్రిటన్ తన ఫ్యాక్టరీలన్నిటికీ పనికివచ్చేలా ఒక ప్రమాణం తెచ్చింది. దాని ఆధారంగా వచ్చిందే 9001. తరువాత 1994, 2000, 2008, 2015లలో దాన్ని సవరించారు.

ఇంతకూ సర్టిఫికెట్ కోసం ఏం చేయాలి? పదిమంది పనివాళ్లు వున్న ఒక లేత్ షెడ్డు అనుకుందాం. పంపు షాఫ్టులు తిప్పి పెద్ద కంపెనీకి ఇస్తుంది. ఆ కంపెనీ ఒకరోజు "ఐ.ఎస్.ఓ. లేకపోతే వచ్చే ఏడాది నుంచి ఆర్డర్లు లేవు" అంటుంది. చాలా షెడ్లకు ఈ సంగతి మొదట తెలిసేది ఇలాగే. నాణ్యం మీద ప్రేమతో కాదు, ఆర్డరు పోతుందన్న భయంతో.

ఇక రాయడం మొదలవుతుంది. ఆర్డరు ఎవరు తీసుకుంటారు? ఫోనులో చెప్పిన కొలత ఎక్కడ రాసుకుంటారు? డ్రాయింగు మారితే పాతది చించేశారా, లేక మేస్త్రీ జేబులో ఇంకా అదే వుందా? ఉక్కు ఎవరి దగ్గర కొంటున్నారు, అది ఫలానా రకమేనని ఎలా తెలుసు? మైక్రోమీటరును చివరిసారి ఎప్పుడు సరిచూపించారు?

ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. కొలిచే సాధనమే తప్పు చూపిస్తే, వంద షాఫ్టులు శ్రద్ధగా కొలిచినా వందా తప్పే. తూకపు రాళ్లకు రెండేళ్లకోసారి ముద్ర వేయించే దుకాణదారుకు ఇది కొత్త కాదు. కానీ షెడ్లలో మాత్రం తండ్రి కొన్న వెర్నియర్‌తో కొడుకు కొలుస్తూ వుంటాడు, దాన్ని సరిచూపించాలన్న ఆలోచనే రాదు. ఐ.ఎస్.ఓ. పద్ధతిలో ప్రతి సాధనానికీ ఒక నంబరు, సరిచూపించిన తేదీ, మళ్లీ చూపించాల్సిన తేదీ వుండాలి.

చెడిపోయిన ముక్క సంగతి మరొకటి. దాన్ని మంచివాటిలో కలవకుండా వేరే పెట్టాలి, లెక్క రాయాలి, ఎందుకు చెడిపోయిందో కనుక్కోవాలి. "కుర్రాడు సరిగా చేయలేదు" అంటే కుదరదు. కుర్రాడికి ఎవరు నేర్పారు, పనిముట్టు అరిగిందా, డ్రాయింగు అర్థమైందా అని వెనక్కు పోవాలి. యజమాని తప్పు తేలినా సరే రాయాలి. తప్పు చేసినవాడిని తిట్టి ఊరుకోవడమే అలవాటైన చోట ఇది పెద్ద మార్పే.

మేస్త్రీలు మొదట్లో సణుగుతారు. పని చేయమంటారా, పుస్తకాలు నింపమంటారా అంటారు. అందులో కొంత న్యాయమూ వుంది. మొదటి రోజుల్లో ఈ ప్రమాణం పేరుతో షెడ్డు నిండా ఫైళ్లు పేరుకున్న మాట నిజం. 2015 సవరణలో లావుపాటి నిబంధనల పుస్తకం తప్పనిసరి కాదని తీసేశారు. పని ప్రకారమే రాత వుంటే చాలు. అయినా ఫైళ్లు అమ్మే సలహాదారులు తగ్గలేదు.

రాసిన ప్రకారం కొన్ని నెలలు నడిపి, తమలో ఒకరి పని మరొకరు తనిఖీ చేసుకుని, ఆ తప్పులను యజమాని కూర్చుని చూసిన తరువాత బయటి సంస్థను పిలవాలి. వారి ఆడిటర్లు రెండు విడతలుగా వస్తారు. మొదటి విడత కాగితాలు, ఏర్పాట్లు చూస్తారు. రెండో విడత షెడ్డులో తిరిగి, పనివాళ్లను అడిగి, రాతకూ చేతకూ పొంతన వుందా అని చూస్తారు. పెద్ద లోపం వుంటే సరిదిద్దేదాకా సర్టిఫికెట్ రాదు. వచ్చినది మూడేళ్లు చెల్లుతుంది. మధ్యలో ఏటా తనిఖీ వుంటుంది.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. జెనీవాలోని ఐ.ఎస్.ఓ. ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ప్రమాణం రాయడంతో దాని పని సరి. ఇచ్చేవి వేరే సంస్థలు. ఆ సంస్థలకు అర్హత వుందో లేదో చూసేది మన దేశంలో ఎన్.ఎ.బి.సి.బి. అనే బోర్డు. అది 1997లో ఏర్పడిన క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో భాగం. అటువంటి గుర్తింపు ఏదీ లేకుండా, షెడ్డు మొహం చూడకుండా, డబ్బు కట్టిన నాలుగు రోజుల్లో సర్టిఫికెట్ పంపేవాళ్లు కూడా వున్నారు. సలహా ఇచ్చేదీ మేమే, తనిఖీ చేసేదీ మేమే, సర్టిఫికెట్ ఇచ్చేదీ మేమే అన్నారంటే అనుమానించాల్సిందే. సలహా ఇచ్చిన సంస్థే తనిఖీ చేయకూడదన్నది అంతర్జాతీయ నిబంధన.

మరి అన్నీ సక్రమంగా చేసి తెచ్చుకున్న సర్టిఫికెట్ వుంటే కంపెనీని పూర్తిగా నమ్మవచ్చునా? దీనికి జవాబు ప్రగతి నగర్‌కు ఉత్తరాన బహదూర్‌పల్లిలో దొరుకుతుంది. సత్యం కంప్యూటర్స్ అక్కడ విశాలమైన ఆవరణ కట్టింది. ఆ కంపెనీ కూడా 1987లోనే పుట్టింది. 2000 నాటి సవరణ ప్రకారం 9001 సర్టిఫికెట్‌ను 2001లోనే తెచ్చుకుంది. దేశదేశాల కంపెనీలు పని అప్పగించాయి. 2008లో కంపెనీ పాలన బాగున్నదంటూ లండన్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు.

2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్ల రూపాయల్లో 5,040 కోట్లు లేనే లేవని అందులో వుంది. అవార్డును వెనక్కు తీసుకున్నారు. సుమారు 50 వేలమంది ఉద్యోగులు నెల జీతం వస్తుందా అని ఎదురుచూశారు. ఈ జిల్లా పల్లెల నుంచి చదివి పోయిన పిల్లలూ అందులో వున్నారు. ఆ ఏడాదే టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ల చొప్పున జైలుశిక్ష విధించింది. మే నెలలో పైకోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలు ఇచ్చింది. బహదూర్‌పల్లి ఆవరణలో తరువాత మహీంద్రా విశ్వవిద్యాలయం వెలిసింది.

అలాగని సత్యం 9001 సర్టిఫికెట్ దొంగదని ఎవరూ అనలేదు. కంప్యూటర్ పని పద్ధతిగా చేసేవారు, అది పద్ధతిగానే వుంది. 9001 ఆడిటర్ బ్యాంకు పాస్‌బుక్కు అడగడు. అది అతని పని కాదు. యజమాని నిజాయితీని కొలిచే కొలబద్ద ఆ ప్రమాణంలో లేదు. సర్టిఫికెట్ చెప్పని మాటను జనం దానిలో చదువుకున్నారు.

సరుకు కొనే రైతుకూ, షెడ్డుతో లావాదేవీ పెట్టుకునేవారికీ పనికివచ్చే వివరాలు సర్టిఫికెట్‌లోనే వుంటాయి. గోడమీద దూరంగా వేలాడే ఫ్రేమును దించి చూపమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. అందులోని అడ్రసు, ఈ షెడ్డు అడ్రసు ఒకటేనా? పని పరిధి అన్నచోట 'తయారీ' అని వుందా, 'అమ్మకం' అని మాత్రమే వుందా? గడువు తేదీ దాటిందా? ఇచ్చిన సంస్థకు ఎన్.ఎ.బి.సి.బి. వంటి బోర్డు గుర్తింపు వుందా? అనుమానం వుంటే ఆ సంస్థనే అడగవచ్చు. ఫలానా సర్టిఫికెట్ చెల్లుతుందా లేదా అని అడిగినవారికి చెప్పడం వారి బాధ్యత. మోటారు కొనేటప్పుడు మాత్రం ఇదంతా తరువాత. ముందు మోటారుమీదే ఐ.ఎస్.ఐ. మార్కు, 8034 నంబరు, కింద లైసెన్సు నంబరు వున్నాయేమో చూసుకోవాలి.