వాన కఱవైన సీమలో ఇనుము త్రుప్పు పట్టుటేల?



అనంతపురము సీమలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అనగా పాతలెక్కను 22 అంగుళములు మాత్రమే కురియును. నీటికే కఱవైనచోట త్రుప్పుభయ మేల యని తోచవచ్చును. కాని మూల నుంచిన నాగలి కఱ్ఱును ఒకమాఱు తడవి చూడుడు. చేతి కంటిన ఎఱ్ఱని పొడియే ప్రత్యుత్తర మిచ్చును.

ఇనుము ప్రాణవాయువుతోను నీటితోను గూడినప్పుడు త్రుప్పగును. రెంటిలో ఒకటి లేకున్న అది పుట్టదు. అయితే నీరు పాఱనక్కఱలేదు. కంటికి కానరాని తేమపొర చాలును. వేసవి పగటిగాలిలో ఆ పొర నిలువదు. భాద్రపదాశ్వయుజముల వానలలోను, మార్గశిర పుష్యముల మంచులోను నిలుచును.

తేమ మూడు త్రోవల వచ్చును. మొదటిది అంటిన మట్టి. నల్లరేగడి తడిని త్వరగా విడువదు. చౌడుమట్టిలోని ఉప్పు త్రుప్పును త్వరపెట్టును. రెండవది నేల. దానిపై పడవేసిన పనిముట్టు అడుగువైపున ఆరదు. మూడవది రేకుల కప్పు. చలిరాత్రి రేకు చల్లబడగా కొట్టములోని ఆవిరి దాని అడుగున బొట్లుగా మాఱి క్రింది యినుముపై రాలును. చన్నీటి చెంబునకు వెలుపల చెమ్మ పట్టుటయు నిట్టిదే.

కావున పొలమునుండి రాగానే మట్టిని గీచి, పొడిగుడ్డతో తుడిచి, గాలి కారనిచ్చి, పిదప పలుచగా ఆముదము పూయవలెను. తడిమీద పూసిన తేమ లోపలనే చిక్కును. నెలకొకమాఱు పాతపొరను తుడిచి క్రొత్తది పూయుడు. పనిముట్లను కఱ్ఱమేకులకు వ్రేలాడదీయుడు. కొట్టమున గాలి యాడుటకు ఇరువైపుల సందు లుంచుడు. ఎరువుల మూటలను అందుంచరాదు. వాని లవణములు తేమను పీల్చి ఇనుమును తినును. బూడిద తోముటకు మేలు గాని, దానిలో ఇనుమును పాతిపెట్టి దాచరాదు. దానిలోని క్షారమును తేమను పీల్చును.

ఢిల్లీలోని ఇనుపస్తంభము సుమారు 1,600 ఏండ్లుగా ఎండవానలలో నిలువలేదా యని మీ రడుగవచ్చును. ఆ యినుమున భాస్వరము హెచ్చు; అందుచే దానిపై రక్షణపొర తానై యేర్పడినది. మన కఱ్ఱుల యినుమున కా గుణము లేదు. ఆ పొరను మనమే నూనెతో కల్పింపవలెను.

మన ఎఱ్ఱనేలలలో విత్తుపదను కొలది దినములే యుండును. ఆ దినములను కమ్మరి కొలిమియొద్ద గడపినవాని చేను ఆ యేటికి వెనుకబడును. ఒక చిన్న ముంత ఆముదము, ఒక పాతగుడ్డ మీ కొట్టపు ద్వారముచెంత నేడే యుంచుడు.