ముచుకుందుని పొరుగువారు

హైదరాబాదులోని కాప్రా ఊరచెరువు కట్టమీద ప్రాతఃకాలమున నడచువారు పలువురు. గుఱ్ఱపుడెక్క ఎంత పెరిగినది, మురుగు ఏ మూలనుండి వచ్చుచున్నది, ఇండ్లు ఎంతదాక జరిగి వచ్చినవి అని ముచ్చటించుకొనుచు పోవుదురే కాని, ఆ నీటిని గాజుగ్లాసులో ముంచి ఎండకెత్తి చూచువారు అరుదు. నేనొకనాడు, వెనుకనుండి ఎవరో ‘త్రాగెదరా యేమి?’ అని నవ్వుచుండగా, ముంచి చూచితిని. ఆవగింజలో సగమైన లేని ప్రాణులు, కొన్ని చిన్నచిన్న గంతులు వేయుచు, మఱికొన్ని తోకకు ఇరువైపుల గ్రుడ్లసంచులను మోసికొని కుదుపు కుదుపుగా పరుగెత్తుచు, ఆ గ్లాసెడు నీటిని సంత చేసినవి.

ఇవి రొయ్యకును పీతకును జ్ఞాతులు. గంతులు వేయునవి డాఫ్నియా వంశమువి. నీటిలోని పాచికణములను వడగట్టి తినును. అప్పుడప్పుడే నోరు తెఱచిన చేపపిల్లకు తొలి కబళము ఇవియే గనుక, చెరువులో ఇవి నశించిననాడు జాలరి వల బరువు తగ్గును. 1884లో శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్, దేహము అద్దమువలె పారదర్శకమైన ఈ డాఫ్నియాలోనే రక్తకణములు శిలీంధ్రబీజములను చుట్టుముట్టి మ్రింగుట కన్నులార చూచి, రోగనిరోధమును గూర్చిన తన సిద్ధాంతమునకు బలమైన సాక్ష్యము సంపాదించెను.

శుక్రాచార్యునివలె ఒంటికన్ను గల రెండవ ప్రాణి సైక్లోప్స్. దానికి దక్కినది అపఖ్యాతి. దిగుడుబావులలో కాళ్లు ముంచి నీరు తోడుకొను పల్లెలను తరతరములు పీడించిన నారికురుపు పురుగు, దీని కడుపులో పెరిగియే మనుష్యుని కడుపు చేరెడిది. ఈ సంగతి 1870 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు ఫెద్చెంకో కనుగొనెను. నీటిని గుడ్డతో వడకట్టుటయు, మెట్లబావులను మాన్పుటయు సాగి సాగి, 2000 ఫిబ్రవరిలో భారతదేశము ఆ పీడనుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువీకరించెను. పాపము, సైక్లోప్స్ వాహనము మాత్రమే. నింద యెప్పుడును వాహనమునకే గదా!

ఇట్టి ప్రాణులనే జీవితవ్రతముగా చేకొన్న తెలుగువాడు, నాగార్జున విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యులుగా ఉండిన వై. రంగారెడ్డి. సైక్లోప్స్‌కు జ్ఞాతియైన మంచినీటి డయాప్టమస్ కుటుంబమును గుర్తించుటకు ఆయన వ్రాసిన గ్రంథము, ప్రపంచపు నదీతటాక సూక్ష్మ అకశేరుకములను గూర్చిన అంతర్జాతీయ గ్రంథమాలలో 5వ సంపుటిగా 1994లో వెలువడినది. అంతటితో తృప్తి చెందినవారైనచో మనకొక మంచి వర్గీకరణకారుడు మిగిలియుండెడివాడు. కాని ఆయన చూపు చెరువు దాటి చెరువు క్రిందికి దిగినది. ఏటి ఇసుకలో గుంట తీసి, ఊరిన నీటిని సన్నని వలలో వడగట్టి, బోరుబావుల నీటిని అట్లే పరీక్షించి, కన్నులును వర్ణమును లేక ఇసుకరేణువుల సందులలో ప్రాకు బాథినెల్లా జాతులను ఆయన బయల్పఱచెను. 1882లో ప్రాగ్ నగరపు నూతిలో దొరకి తొలిసారి లోకమునకు తెలిసిన వర్గమిది. నాగార్జునుని పేరు ధరించినది యొకటి, కృష్ణమ్మ పేరు ధరించినది మఱొకటి, ఇట్లు మన నేలలోని జాతులు లాటిను జాబితాల కెక్కినవి.

ఆయన బయల్పఱచిన భూగర్భప్రాణులలో నాకు మిక్కిలి ప్రియమైన కథ పల్నాటిలోని గుత్తికొండ బిలముది. కాలయవనుని చూపుతో భస్మము చేసిన ముచుకుందుడు నిద్రించినది అచ్చటనే యనియు, పల్నాటియుద్ధానంతరము బ్రహ్మనాయుడు ప్రవేశించినది అందులోనే యనియు ప్రజలు చెప్పుకొందురు. ఆ గుహాజలములలోని, బాథినెల్లా కాని మఱొక వర్గపు ప్రాణిని 2011లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు విల్సన్‌తో కలిసి రంగారెడ్డిగారు వర్ణించి, ‘ఆంధ్రాకోయిడిస్’ అను క్రొత్త ప్రజాతిని స్థాపించిరి. దీని దాయాదులు ఆస్ట్రేలియాలో కలవు. ఈ జీవి సముద్రమును దాటజాలదు. దాటినది నేల! మన గోండుల పేరు మోసిన గోండ్వానా మహాఖండము చీలి, భారతభూమి సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట ఆస్ట్రేలియా, అంటార్కిటికాల పొత్తు విడిచి ఉత్తరమునకు ప్రయాణము సాగించినపుడు, దీని పూర్వులు ఆ నేలతోడనే వచ్చిరి. ముచుకుందుని నిద్ర దీనిముందు ఒక కునుకు.

డాఫ్నియాకు కరవు వచ్చినపుడు గట్టి పెంకు గ్రుడ్లు పెట్టి, ఎండిన బురదలో వానకై ఎదురుచూచు నేర్పు కలదు. బాథినెల్లాకు ఆ నేర్పు లేదు. నీరు దిగిపోయిన చోట దాని వంశము ముగియును. ఇసుకను లారీల కెత్తి, బోరును ఏటేట లోతుకు దింపు మనము ఈ మాట వినవలసియున్నది.

కాప్రాలో ఇంటింటికి బోరు కలదు, క్రింద రాతి పగుళ్లలో నీరు కలదు. ఉపాధ్యాయులారా, ఒకనాడు సైక్లోప్స్‌ను వడకట్టి తొలగించుటకు మన తల్లులు కుండకు కట్టిన ఆ నాలుగు మడతల గుడ్డను ఒక పూట బడి బోరుగొట్టమునకు కట్టుడు; అందు నిలిచినదానిని గాజుపాత్రలో కడిగి, భూతద్దముతో పిల్లలకు చూపుడు.