పాత మోటార్‌హోమ్ సీలింగ్‌లో ఎన్ని వింతలో!

మంచం, పొయ్యి, సింకు, టాయ్‌లెట్ అన్నీ మోసుకుంటూ తనంతట తాను నడిచే ఇల్లు మోటార్‌హోమ్. మన సినిమావాళ్లు షూటింగుల దగ్గర నిలిపే క్యారవాన్ ఈ జాతిదే. 1960, 70ల నాటి బళ్లను అమెరికాలో ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. ఆ బళ్ల సీలింగ్ ఒక్కసారి విప్పి చూస్తే ఎండ, చలి, వాన, చప్పుడు అన్నిటి గుట్టూ అక్కడే దొరుకుతుంది. పదండి, విప్పేద్దాం!

విప్పేముందు ఒక్కమాట, మోటార్‌హోమ్ ఎప్పటిదో మీకు తెలుసా? 1910 నాటిది! పియర్స్-యారో కంపెనీ ‘టూరింగ్ లాండో’ అనే బండిని ఆ ఏడాది న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శించింది. వెనక సీటు వాల్చితే మంచం, డ్రైవర్ సీటు వెనక మడిచే సింకు, డ్రైవర్‌తో మాట్లాడటానికి టెలిఫోన్! చాలా ఇళ్లకు ఫోనే లేని రోజుల్లో బండిలో ఫోనండీ!

జనరల్ మోటార్స్ తన పేరుతో మోటార్‌హోమ్ చేసిందని మీకు తెలుసా? అదే జీఎంసీ మోటార్‌హోమ్. 1973 నుంచి 1978 మోడళ్ల దాకా మొత్తం 12,921 బళ్లు తయారయ్యాయి, అంతే. మొదటి బళ్ల ఇంజిన్ ఎంతో చెప్పుకోండి చూద్దాం. దాదాపు ఏడున్నర లీటర్లు! అదీ ముందు సీట్ల నడుమ, నేల కింద. డ్రైవర్ పక్కనే గర్జన!

ఆ బండి గోడల లోపల పాలియురేథేన్ ఫోమ్‌ను ఫ్యాక్టరీలోనే పిచికారీ చేశారు. ఆ ఫోమ్ అంగుళం మందం ఉంటే వేడిని ఆపడంలో సుమారు రెండడుగుల ఇటుక గోడతో సమానం. బండికి రెండడుగుల ఇటుక గోడ కట్టి చూడండి, కదిలితే ఒట్టు!

థర్మోకోల్‌లో ఎంత గాలి ఉంటుందో మీకు తెలుసా? సుమారు 98 శాతం! షీటుకు వంద రూపాయలిస్తే తొంభై ఎనిమిది రూపాయల గాలే కొన్నట్టు. అయితే వేడిని ఆపేది ఆ బంధించిన గాలే మరి!

వేడిని ఇంకా బాగా ఆపేది కావాలా? ఏరోజెల్ అనే గాలి నిండిన ఘనపదార్థం ఉంది! 1931లో శామ్యూల్ కిస్ట్లర్ తయారుచేశాడు. 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ రోవర్‌ను చలి నుంచి కాచింది అదే. అంగారకుడి చలినే కాచినదానికి అమెరికా చలి ఒక లెక్కా!

ఇప్పుడు గుండె చిక్కబట్టుకోండి. అల్యూమినియం వేడిని ఫోమ్ కన్నా సుమారు 6,000 రెట్లు జోరుగా దాటిస్తుంది. పాత బళ్ల సీలింగ్‌లో అస్థిపంజరంలా ఉండేవి లోహపు పట్టీలే. పట్టీల మధ్య ఎంత ఫోమ్ కూరినా, ఆ పట్టీలను వదిలేస్తే వేడి దర్జాగా వాటిమీద నడిచొచ్చేస్తుంది. పట్టీల మీద కూడా పలచటి ఫోమ్ పట్టీ వేసి, ఆపైనే సీలింగ్ పలక బిగించాలి. ఈ ఒక్క పని చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ తేడా చలికాలం మొదటి రాత్రే తెలిసిపోతుంది!

అల్యూమినియం రేకు పెరుగుతుందని మీకు తెలుసా? 8 మీటర్ల రేకు 50 డిగ్రీలు వేడెక్కితే 9 మిల్లీమీటర్లు సాగుతుంది. సాయంత్రం చల్లబడితే మళ్లీ కుంచించుకుపోతుంది. రాయిలా గడ్డకట్టే సీలెంట్ పూస్తే అది పగలక ఏం చేస్తుంది? సాగే సీలెంటే పూయాలి!

మెరిసే బబుల్ ఫాయిల్ ఉంది కదా, అల్యూమినియం పొర తనకు తగిలే వేడి కిరణాల్లో 95 శాతం దాకా తిప్పికొడుతుంది. భలే! కానీ దాని ముందు ఖాళీ జాగా ఉండాలి. రేకుకు అతికించేస్తే ఆ మహిమంతా మాయం. చేతిలో అద్దం పెట్టుకుని కళ్లు మూసుకున్నట్టు!

పైకప్పుకు తెల్ల రంగు వేస్తే ఎండ తిరుగుముఖం పడుతుందని తెలిసిందే. దానికోసం ఒక ప్రభుత్వమే విధానం తెచ్చిందని మీకు తెలుసా? 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది మన తెలంగాణే! మోటార్‌హోమ్ నెత్తిన తెల్ల రబ్బరు పూత పూసే అమెరికావాళ్లదీ, హైదరాబాద్ డాబాదీ ఒకే కిటుకు!

ఇక తేమ సంగతి. ఒక కిలో ప్రొపేన్ గ్యాస్ మండితే ఎన్ని నీళ్లు పుడతాయో మీకు తెలుసా? కిలోకి కిలోన్నర పైనే, 1.6 కిలోలు! గ్యాసులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆవిరై సీలింగ్ చేరుతుంది. పొయ్యి మీద గిన్నె పెట్టకపోయినా బండిలో నీళ్లు తయార్!

లోపల 20 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉంటే చాలు, 9 డిగ్రీలకు చల్లబడిన రేకు మీద మంచు బిందువులు కడతాయి. తెల్లారేసరికి మొహం మీద టప్పుమని చుక్క! కప్పు కారుతోందనుకుని నిచ్చెన ఎక్కేరు, ఆ నీళ్లు మీరు ఊపిరితో వదిలినవే కావచ్చు!

గొర్రె ఉన్ని తన బరువులో 30 శాతం తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడి తెలియదు. అందుకే కొందరు సీలింగ్‌లో ఉన్ని పరుస్తారు. గొర్రె చలికోటు బండికెక్కిందన్నమాట!

మీకు తెలుసా, ఒక రంగు మీద హక్కు సంపాదించిన కంపెనీ ఉంది! గ్లాస్ ఊల్ చేసే ఓవెన్స్ కార్నింగ్‌కు 1985లో అమెరికా కోర్టు గులాబీ రంగును ట్రేడ్‌మార్క్‌గా ఒప్పుకుంది. ఒక్క రంగునే ట్రేడ్‌మార్క్‌గా పొందడం ఆ దేశంలో అదే మొదలు. ఆ గాజు దూదే అనుకోకుండా పుట్టింది! 1932లో డేల్ క్లైస్ట్ అనే కుర్ర పరిశోధకుడు రెండు గాజు దిమ్మలను అతికించబోతే, గాలి ధాటికి కరిగిన గాజు దారాలు దారాలుగా ఎగిరిపడింది. అతుకు సంగతి దేవుడెరుగు, కొత్త పరిశ్రమే పుట్టుకొచ్చింది!

చప్పుడు దగ్గరికొద్దాం. అసలు మజా ఇక్కడే!

చప్పుడు వినడానికి సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. పలక బరువు రెట్టింపు చేస్తే ఎంత తగ్గుతుందో మీకు తెలుసా? 6 మాత్రమే! అంటే చప్పుడు సగం కావాలంటే కప్పు బరువు మూడు రెట్లు దాటాలి. బాబోయ్!

అలా బరువు కోసం వేసేదే మందపాటి వినైల్ షీటు. చదరపు మీటరుకు సుమారు 5 కిలోలు. 26 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు సీలింగ్ అంతా పరిస్తే దాదాపు 95 కిలోలు! మలుపు తిరిగేటప్పుడు ఆ బరువంతా నెత్తిమీదే. అందుకే నా ఓటు దానికి కాదు. రెండు పలచటి పొరలు, మధ్యలో దూది నింపిన సందు, అదే తేలికైన దారి.

సీలింగ్‌లో ఒక శాతం రంధ్రం ఉందనుకోండి. మిగతా 99 శాతం ఉక్కు కోట అయినా సరే, మొత్తం కప్పు ఆపగలిగేది 20 డెసిబెల్సే! అమెరికా మోటార్‌హోమ్‌ల రూఫ్ వెంట్ కొలత మామూలుగా 14 అంగుళాలకు 14 అంగుళాలు. అలాంటివి రెండు తెరిచి ఉంచితే మనం లెక్కవేసిన సీలింగ్‌లో ఒక శాతం దాటిపోయినట్టే. వేలు పోసి సౌండ్‌ప్రూఫింగ్ చేసి, వెంట్‌లో దిండు పెట్టడం మరిచిపోయారా? అంతా హారతి కర్పూరమే!

వానకు రేకు మోగకుండా లోపలివైపు బ్యూటైల్ ప్యాడ్లు అతికిస్తారు. రేకంతా అతికించాలేమో అనుకుంటున్నారా? పావు వంతు చాలు! రేకు మధ్యభాగంలో వేస్తే లాభంలో పెద్ద వాటా వచ్చేస్తుంది. ప్యాడ్లు మిగిలితే తలుపులకు వేసుకోండి!

చప్పుడు గాలిలో సెకనుకు 343 మీటర్లు పోతుంది. అల్యూమినియంలోనో? దాదాపు 15 రెట్ల వేగం! పట్టీకీ పలకకీ మధ్య ఫెల్టో రబ్బరో పెట్టమనేది అందుకే.

కోడిగుడ్ల అట్టలు అతికిస్తే చప్పుడు ఆగుతుందనే మాట ఇంకా నడుస్తోంది. ఆగదు! అట్టకు బరువేదీ? గది లోపలి ప్రతిధ్వని కాస్త మారుతుందేమో గానీ, బయటి లారీ హారన్‌కు అదేమీ అడ్డు కాదు. ఆమ్లెట్‌కే లాభం!

అమెరికాలోని మినియాపొలిస్‌లో ఓర్ఫీల్డ్ ల్యాబ్స్ గదికి 2004లో గిన్నిస్ రికార్డు దక్కింది. లోపలి చప్పుడెంతో మీకు తెలుసా? మైనస్ 9.4 డెసిబెల్స్! సున్నా కన్నా తక్కువ చప్పుడు! దాని గోడలకున్నదీ ఫైబర్‌గ్లాసే, కాకపోతే దాదాపు మీటరు మందాన. మోటార్‌హోమ్‌లో మీటరు పెడితే పాకుతూ తిరగాల్సిందే!

కార్క్ చెట్టును నరకరని మీకు తెలుసా? బెరడు మాత్రం వలుస్తారు, పోర్చుగల్‌లో తొమ్మిదేళ్లకోసారి. చెట్టు మొదటి వలుపుకు 25 ఏళ్లు ఆగాలి! ఒక ఘనపు సెంటీమీటరు కార్క్‌లో సుమారు 4 కోట్ల గదులు, అన్నిట్లో గాలే. వేడికీ, టకటకలకూ రెండిటికీ అడ్డు. పాత బండి సీలింగ్‌కు అంటించాక అందం కూడా. నాకైతే దీనిమీదే మనసు!

రాతిదూది (రాక్ ఊల్) వెయ్యి డిగ్రీల వేడికి కూడా కరగదు. థర్మోకోల్ వంద దాటితే మెత్తబడిపోతుంది. పొయ్యి పైన సీలింగ్‌లో ఏది పెట్టాలో వేరే చెప్పాలా!

పీవీసీ తొడుగు వైరుకు థర్మోకోల్ పడదు! రెండూ ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే తొడుగులోని మెత్తదనాన్ని థర్మోకోల్ లాగేసుకుంటుంది, వైరు పెళుసుబారుతుంది. సీలింగ్ లైట్ల వైర్లన్నీ వెళ్లేది ఆ దారినే! ఒక పైపులో దూర్చేస్తే సరి.

చిట్టెలుక ఎంత సందులో దూరగలదో మీకు తెలుసా? 6 మిల్లీమీటర్లు! గ్లాస్ ఊల్ కనబడితే చాలు, కాపురం పెట్టేస్తుంది. అద్దె కట్టదు!

సందులు మూయడమంటే ఇలా ఉండాలి! చంద్రుడి నుంచి తిరిగొచ్చిన అపోలో 11 వ్యోమగాములను 1969లో ఎక్కడ పెట్టారో మీకు తెలుసా? ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ ట్రైలర్‌ను (బండి వెనక లాక్కెళ్లే ఇల్లు) మార్చి చేసిన గదిలో! చంద్రుడి సూక్ష్మజీవులు బయటపడతాయేమోనని సందు లేకుండా మూసి, లోపలి గాలి ఒత్తిడిని తగ్గించి ఉంచారు. అధ్యక్షుడు నిక్సన్ కిటికీ బయట నిలబడి పలకరించాడు. ఎంత పెద్దాయనైనా లోపలికి నో ఎంట్రీ!

పాత మోటార్‌హోమ్ ఉన్న అమెరికా తెలుగువారికి ఒక్క విన్నపం. ఫోమ్, ఉన్ని, కార్క్ ఏది కొన్నా సరే, సీలింగ్ పలక బిగించేముందు ఒక గట్టి వాన పడనివ్వండి. వాన లేకపోతే గార్డెన్ పైపుతో కప్పంతా తడపండి. ఎక్కడ కారుతోందో లోపల టార్చి వేసి చూసి, ముందు దాన్ని మూయండి. మిగతావన్నీ ఆ తర్వాతే!