నెలనెలా అద్దె, ఏడాదికోసారి పంట

జూన్ రెండో వారం వచ్చేసరికి గుంటూరు బ్రాడీపేటలో గేట్లకు కట్టిన టులెట్ బోర్డులు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి. వినుకొండ, దర్శి, మార్టూరు, మాచర్ల బస్సులు దిగిన పిల్లలు, వెంట తండ్రో మేనమామో, చేతిలో ఒక కాగితం ముక్క. దాని మీద 4/14 అనో 5/9 అనో రాసి ఉంటుంది. కొత్తవాళ్ళకు అది భిన్నాల లెక్కలా కనిపిస్తుంది. 4వ లైను, 14వ అడ్డరోడ్డు అని దాని అర్థం. ఆ చిరునామా చదవడం వస్తే సగం ఊరు వచ్చినట్టే. ఒంగోలు లాయర్‌పేట, సంతపేట సందుల్లోనూ ఆ రోజుల్లో ఇదే తిరుగుడు.

హాస్టల్లో సీటు దొరకనివాళ్ళు, దొరికినా ఆ సాంబారు పడనివాళ్ళు, ఏడాది ఫీజు ఒక్కసారే కట్టమంటే కట్టలేనివాళ్ళు నలుగురు కలిసి ఒక పోర్షన్ తీసుకుంటారు. పైకి రెండో కారణం చెబుతారు గానీ చాలామందికి అసలు కారణం మూడోదే. అందుకని గది ఎలా వెతకాలో చెప్పేముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం. ఇది పిల్లలతోపాటు వాళ్ళను పంపే తల్లిదండ్రులకూ చెబుతున్న మాట.

అద్దె ప్రతి నెలా 5వ తేదీకి కట్టాలి. మన ఇళ్ళల్లో డబ్బు మాత్రం ప్రతి నెలా రాదు. పత్తి తీతలు అక్టోబరు చివర మొదలై సంక్రాంతి దాకా నడుస్తాయి. మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ తర్వాత ఎండలకు గుంటూరు మిర్చి యార్డుకు నెల రోజుల సెలవులిస్తారు. ధర లేదని కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టిన రైతుకు అది అమ్ముడుపోయేదాకా చేతిలో రసీదే ఉంటుంది. సరిగ్గా అప్పుడే కాలేజీలు తెరుస్తారు. విత్తనాలు, ఎరువులు, దుక్కి కూలి, కౌలు, కొడుకు గది అడ్వాన్సు, కూతురి బస్ పాసు అన్నీ జూన్, జూలై నెలల్లోనే మీద పడతాయి. పత్తి డబ్బు చేతికందేదాకా, అంటే దాదాపు దీపావళి వరకు, ఇంట్లో గడ్డు కాలమే.

పంట ఏడాదికోసారి వచ్చినా ఒకేలా వస్తుందన్న నమ్మకం లేదు. 2021-22లో నల్ల తామర పురుగు పడి మన జిల్లాల్లో మిరప తోటలకు తోటలే పోయాయి. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చి, 2025 ఫిబ్రవరికల్లా కేంద్రం జోక్యం చేసుకుని 11,781 రూపాయల ధర ప్రకటించాల్సినంతగా పడిపోయింది. ఆ రెండు సందర్భాల్లోనూ ఎన్ని గదుల్లో నలుగురు ముగ్గురయ్యారో ఎవరూ లెక్క రాయలేదు.

నేను డిగ్రీ చదివేటప్పుడు మేము నలుగురం ఒక డాబా మీద గదిలో ఉండేవాళ్ళం. అద్దంకి వైపు నుంచి వచ్చిన ఒకతను నవంబరు వానలకు వాళ్ళ పత్తి తడిసిపోయాక చదువు ఆపేసి వెళ్ళిపోయాడు. అడ్వాన్సు కట్టింది అతని తండ్రి. ఆయన నేరుగా ఇంటి యజమాని దగ్గరికి వెళ్ళి మొత్తం తీసుకున్నారు. అందులో మా వాటాలు కూడా ఉన్నాయని చెప్పడానికి మా దగ్గర చిన్న చీటీ అయినా లేదు. యజమాని మళ్ళీ అడ్వాన్సు కట్టమన్నారు. తప్పు నీదంటే నీదని మిగిలిన ముగ్గురం వాదించుకుని, ఒకే గదిలో పడుకుంటూ సంక్రాంతి దాకా ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. వెళ్ళిపోయినతను చెడ్డవాడు కాడు, ఆయన తండ్రీ మోసగాడు కాడు. ఇంట్లో డబ్బు లేదు, అంతే.

అందుకే గది ఎంచుకునేటప్పుడు నలుగురిలో ఎక్కువ ఇవ్వగలిగినవాడిని చూసి అద్దె ఒప్పుకోవద్దు. అందరికంటే తక్కువ ఉన్నవాడు, పంట బాగా రాని ఏడాదిలో కూడా ఇవ్వగలిగినంతే మీ గది అద్దె. కాస్త ఇరుకైనా ఫరవాలేదు. రెండోది, ఫిబ్రవరి, మార్చిలో ఇళ్ళ నుంచి డబ్బు వచ్చినప్పుడు ఒక్కొక్కరు ఒక నెల వాటా అదనంగా తీసి పక్కన పెట్టండి. తర్వాత ఎవరి ఇంటి నుంచైనా డబ్బు ఆలస్యమైతే అందులోంచి కట్టి, వచ్చాక మళ్ళీ నింపాలి. స్కాలర్‌షిప్ వస్తుందని దాన్ని అద్దె లెక్కలో కలపవద్దు. అది వచ్చిన రోజే వచ్చినట్టు. మూడోది చాలామంది అడగడానికి మొహమాటపడతారు: మూడు నెలలకోసారి అద్దె ఇస్తామంటే ఒప్పుకుంటారా అని యజమానిని అడగండి. ఆ ఇంటి యజమానికే ఏ సత్తెనపల్లి దగ్గరో పొలం ఉండవచ్చు. పంట డబ్బు ఎప్పుడొస్తుందో ఆయనకు మీరు చెప్పనక్కర్లేదు.

పౌలు రోమాలో రెండేళ్ళు అద్దె ఇంట్లో ఉన్నాడని అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయం చెబుతుంది. ఆ అద్దె నెలనెలా ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం అక్కడ లేదు. మనం రాసుకోక తప్పదు.

రాసుకోవాల్సిన కాగితాలు రెండు. మొదటిది యజమానితో చేసుకునే అగ్రిమెంటు. అది ఎప్పుడూ 11 నెలలకే ఎందుకుంటుందని పిల్లలు అడుగుతుంటారు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలన్న 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూల నిబంధన నుంచి ఈ అలవాటు వచ్చింది. ఆ ఖర్చు, ఆ తిరుగుడు లేకుండా 11 నెలలతో ఆపుతారు. అందులో అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, సున్నానికి అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు అన్నవి అంకెల్లో ఉండాలి. ‘మామూలుగా ఇచ్చేదే’ అని నోటిమాటగా ఒప్పుకోకండి. ఖాళీ చేసే రోజున ఆ మామూలు ఎంతో యజమానే చెబుతాడు.

సంతకం ఎవరు పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. 18 ఏళ్ళు నిండనివారు చేసే ఒప్పందం చట్టం ముందు చెల్లదు కాబట్టి ఇంటర్ పిల్లల తరఫున తల్లో తండ్రో సంతకం పెట్టాలి. డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలు నలుగురూ కలిసి సంతకం పెడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని మొత్తం అద్దె ఆ నలుగురిలో ఏ ఒక్కరినైనా అడగవచ్చు. కట్టినవాడు మిగిలినవాళ్ళ వాటా వాళ్ళ దగ్గర రాబట్టుకోవాలి. ఈ మాట విని భయపడి ఒక్కరి పేరు మీదే రాయిస్తే ఆ ఒక్కరి మెడకే బరువు చుట్టుకుంటుంది. నలుగురి పేర్లూ ఉండటమే మంచిది.

రెండో కాగితం మీలో మీరు రాసుకునేది. స్టాంపు పేపరు అక్కర్లేదు, నోటుబుక్కులో ఒక పేజీ చాలు. అడ్వాన్సులో ఎవరి వాటా ఎంత, మధ్యలో ఎవరైనా వెళ్ళిపోవాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కొత్తవాడు దొరికేదాకా ఆ వాటా ఎవరు కట్టాలి. నలుగురూ సంతకం చేసి తలా ఒక ఫొటో తీసుకోండి. స్నేహితుల మధ్య కాగితమేంటని ఒకడు నవ్వుతాడు. నవ్వనివ్వండి.

ఇక గది చూసుకోవడం. ముందు కరెంటు మీటరు చూడండి. మీ పోర్షన్‌కు వేరే మీటరు ఉందా, యజమాని మీటరులోనే కలిసి ఉందా? తేడా చాలా ఉంటుంది. మన దగ్గర గృహ కరెంటు రేటు వాడకంతో పాటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 రూపాయలు. మీరు నెలకు 100 యూనిట్లు వాడారనుకోండి. వేరే మీటరు ఉంటే యూనిట్ల ఖర్చు సుమారు 305 రూపాయలు. అదే 100 యూనిట్లు, అప్పటికే 200 కాల్చిన యజమాని మీటరులో కలిస్తే సుమారు 806 రూపాయలు అవుతాయి. మిగతా చార్జీలు వేరు. యూనిట్‌కు 8 రూపాయలు అడిగే యజమాని మిమ్మల్ని మోసం చేయకపోవచ్చు, ఆయనకూ అంతే పడుతుంది. కానీ వేరే మీటరున్న గది అద్దె 300 రూపాయలు ఎక్కువైనా లెక్కకు చవకే. దిగిన రోజునే మీటరు రీడింగు ఫొటో తీసి పెట్టుకోండి.

తర్వాత నీళ్ళు. మోటారు ఎవరు వేస్తారు, రోజుకు ఎన్నిసార్లు, వేసవిలో బోరు ఎండుతుందా అని యజమానిని కాక కింద పోర్షన్‌లో ఉన్నవాళ్ళను అడగాలి. తాగే నీళ్ళ విషయంలో అశ్రద్ధ వద్దు. 2018 మార్చిలో పాత గుంటూరులో, ఆనందపేట వైపు, మురుగు కలిసిన కుళాయి నీళ్ళు తాగి వందల మంది అతిసారం పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. కుళాయి నీళ్ళు కాచి చల్లార్చి తాగండి. 20 లీటర్ల క్యాను తెచ్చుకునేవాళ్ళు ఆ క్యాను లోపల వారానికోసారైనా కడగాలి. పాచి పట్టిన క్యానులో ఎంత శుద్ధమైన నీళ్ళు పోసినా ఏం లాభం?

గ్యాసు గురించి ఒక హెచ్చరిక. వీధి చివర కొట్లో పెద్ద సిలిండరు నుంచి చిన్న స్టవ్ బండలోకి గ్యాసు నింపించుకోవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా ప్రాణాపాయం. చిరునామా రుజువు లేనివాళ్ళ కోసమే గ్యాసు కంపెనీలు 5 కిలోల సిలిండరు అమ్ముతున్నాయి, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. మంచం పక్కన, కిటికీ లేని మూల వంట పెట్టకండి. వాసన వస్తే స్విచ్చు ముట్టుకోకుండా తలుపులు తెరవండి. నీళ్ళు కాచే హీటరు రాడ్డు కూడా అంతే, స్విచ్చు ఆపి ప్లగ్గు తీశాకే బకెట్టులో చెయ్యి పెట్టాలి.

ఆడపిల్లలైతే వీటికి తోడు తలుపు గడియలు లోపలినుంచి గట్టిగా పడతాయా, బాత్రూం వాటా లోపలే ఉందా, రాత్రి వీధి దీపం వెలుగుతుందా అన్నవి చీకటి పడ్డాక ఒకసారి వెళ్ళి చూడాలి. 112, 181 నంబర్లు నలుగురి ఫోన్లలోనూ ఉండాలి.

ఇప్పుడు ఎవరూ పైకి చెప్పని విషయం. గది నచ్చి, అద్దె కుదిరాక యజమాని అడిగే ఆఖరి ప్రశ్న మన పిల్లల్లో చాలామందికి తెలుసు. ‘మీరేమిటోళ్ళు, బాబూ?’ కొందరు ఇంకాస్త మెత్తగా అడుగుతారు: నీచు వండుతారా, ఆదివారం ప్రార్థనలు పెడతారా. జవాబు విన్నాక ఇల్లు ఎవరికో మాటిచ్చామని గుర్తొస్తుంది. అలా నాలుగు గుమ్మాలు దిగిన పిల్లవాడు ఐదో ఇంటి దగ్గర పేరు మార్చి చెప్పాడంటే నేను వాడిని తప్పుపట్టను. కానీ అలా దొరికిన గదిలో 11 నెలలు బైబిలు అటక మీద దాచి, ఊరి నుంచి అమ్మ వస్తే ఏం మాట్లాడుతుందోనని బెదురుతూ బతకాలి. పరీక్షలు రాయాల్సిన పిల్లలకు అది పెద్ద బరువు. ఉన్నది చెప్పి, ఇచ్చే ఇల్లు వెతుక్కోవడమే మేలు. కాస్త ఎక్కువ తిరగాల్సి వస్తుంది.

ఆ తిరుగుడు పిల్లల మీదే వదిలేయడం మాత్రం సంఘాల తప్పు. 1885లో మొదలైన ఆంధ్ర క్రైస్తవ కళాశాల ఉన్న ఊరిది. మిషనరీల కాలంలో మన పెద్దలు బోర్డింగు స్కూళ్ళలో ఉండే చదువుకున్నారు. ఇప్పుడు గుంటూరు, ఒంగోలు సంఘాల్లో సొంత ఇళ్ళు, మేడ మీద పోర్షన్లు ఉన్న విశ్వాసులు తక్కువేమీ కాదు. మే నెలలోనే ఏ పోర్షన్లు ఖాళీగా ఉన్నాయో ఒక జాబితా రాసి, పల్లె సంఘాల పాస్టర్లకు పంపితే ఎంతమందికి గుమ్మాలు ఎక్కి దిగే పని తప్పుతుందో. మన ఇళ్ళల్లోనూ ‘మీరేమిటోళ్ళు’ అని అడిగేవాళ్ళున్నారు, అది వేరే వారం రాయాల్సిన సంగతి.

వంట, ఊడ్పు గురించి ఎక్కువ చెప్పను. అన్నం గదిలో వండుకుని కూర కర్రీ పాయింటులో తెచ్చుకోవడం చాలామంది చేసే పనే, చెడ్డదేమీ కాదు. బియ్యం, కందిపొడి, పండుమిరప పచ్చడి ఊరినుంచి వస్తాయి. వండినవాడు గిన్నెలు తోమకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే సగం గొడవలు ఉండవు. పచ్చడి మాత్రం ఎవరి జాడీ వారిదే అంటే కుదరదు, అందరూ తింటారు.

ఏప్రిల్‌లో ఖాళీ చేసేటప్పుడు అగ్రిమెంటులో రాసినన్ని రోజుల ముందే యజమానికి ఫోనులో మెసేజ్ పెట్టండి, నోటితో చెప్పినా సరే. ఆఖరి కరెంటు బిల్లు కట్టిన రసీదు, మీటరు ఫొటో, దిగిన రోజు గోడల ఫొటోలు చూపించి అడ్వాన్సు అడగండి. అది వచ్చాక నోటుబుక్కులోని వాటాల ప్రకారం అక్కడే, ఆ మెట్ల మీదే పంచుకోండి. రైస్ కుక్కరు, ఫ్యాను, పరుపులు ఎవరు కొన్నవో కూడా మొదటి రోజే అదే పేజీలో రాసి ఉంచితే మంచిది. మా గదిలో కుక్కరు ఎవరిదన్నది ఈ రోజుకీ తేలలేదు.