వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు

ఇల్లు చిందరవందరగా కనిపిస్తే ఆ నింద ఎవరో ఒకరి బద్ధకం మీదికి పోతుంది. చాలా ఇళ్లలో అది నేరుగా ఇల్లాలి మీదికే పోతుంది. ఈ నింద అన్యాయమైనది, అశాస్త్రీయమైనది కూడా. అటక మీద కాలిపోయిన మిక్సీ, బీరువా అడుగున ఏళ్ల తరబడి కట్టని చీరలు, సొరుగులో ఏ ఫోనుదో తెలియని చార్జర్లు, వంటింటి తలుపు వెనక ప్లాస్టిక్ కవర్లు కుక్కిన మరో ప్లాస్టిక్ కవరు. పూటపూటా ఊడ్చి తుడిచే ఇళ్లలోనూ ఇవన్నీ ఉంటాయి. వస్తువు ఇంట్లోకి రావడానికి చాలాసార్లు ఎవరి నిర్ణయమూ అక్కర్లేదు. గృహప్రవేశానికి వెళితే రిటర్న్ గిఫ్ట్ చేతికొస్తుంది, టీపొడి కొంటే డబ్బా ఉచితంగా వస్తుంది. బయటికి పోవాలంటే మాత్రం ఎవరో ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది మనకిక అక్కర్లేదని తేల్చాలి. ఆ తేల్చడం మనిషికి ఎంత కష్టమో నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన పరిశోధనల్లో బయటపడింది. ఇల్లు సర్దుకోవడం గురించిన ఏ సలహా అయినా అక్కడి నుంచే మొదలవ్వాలి.

డేనియల్ కానమన్, రిచర్డ్ థేలర్, మరో సహచరుడు కలిసి 1990లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక తరగతిలోని సగం మంది విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చారు. అక్కడి దుకాణంలో ఆ కప్పు వెల 6 డాలర్లు. కప్పు అందినవాళ్లను ఎంతకు అమ్ముతారని, అందనివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు ఇస్తామన్న దానికి దాదాపు రెట్టింపు ఉంది. కప్పు వాళ్ల చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు. దాంతో ఏ జ్ఞాపకమూ ముడిపడలేదు. తమదైందన్న ఒక్క కారణంతోనే దాని విలువ పెరిగింది. కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి కారణం చెబుతుంది: అంతే విలువైన వస్తువు దొరికినప్పటి సంతోషం కన్నా, ఉన్నది పోయినప్పటి బాధ మనకు ఎక్కువ. నిమిషాల కిందట వచ్చిన కప్పు విషయంలోనే ఇలా ఉంటే, పెళ్లినాటి స్టీలు బిందె సంగతి చెప్పనక్కర్లేదు. అయితే ఇది మార్చలేని స్వభావమేమీ కాదు. క్రీడాకారుల బొమ్మలున్న కార్డులు ఇచ్చిపుచ్చుకునే వ్యాపారుల మీద జాన్ లిస్ట్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, బాగా అనుభవమున్న వ్యాపారుల్లో ఈ పట్టు చాలావరకు సడలినట్టు తేలింది. వదిలిపెట్టడానికి కూడా సాధన కావాలన్నమాట. ఏడాదికోసారి పండగ ముందు ఒక్కరోజులో ఇల్లంతా ఖాళీ చెయ్యబోయి సగంలో చతికిలబడటం కన్నా, వారానికి నాలుగు వస్తువులు తీసే అలవాటు మేలనడానికి నాకు దొరికిన గట్టి ఆధారం ఇది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. తీసెయ్యడమన్న ఆలోచనే మనకు ముందుగా తట్టదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ ఆడమ్స్, లైడీ క్లాట్జ్ తదితరులు జరిపిన ప్రయోగాలు 2021లో నేచర్ పత్రికలో వచ్చాయి. లెగో ముక్కలతో కట్టిన ఒక చిన్న కట్టడానికి పైకప్పు ఒకే మూలన, ఒకే ముక్క మీద ఆనుకుని ఉంది. దాని మీద ఇటుక పెట్టినా కూలకుండా చెయ్యాలి. కలిపే ప్రతి ముక్కకూ 10 సెంట్లు ఖర్చు. ఆ ఒక్క ముక్కా తీసేస్తే కప్పు కింద ఉన్న భాగం మీద స్థిరంగా కూర్చుంటుంది, పైసా ఖర్చు కాదు. మామూలుగా అడిగినప్పుడు 41 శాతం మందే తీసేశారు. ముక్కలు తీసెయ్యడానికి ఖర్చేమీ లేదని మాటల్లో గుర్తుచేస్తే అది 61 శాతానికి పెరిగింది. బట్టలు పట్టడం లేదంటే ఇంకో బీరువా కొనడం, వంటింట్లో చోటు చాలకపోతే గోడకు ఇంకో అర కొట్టించడం, మంచం కొనేటప్పుడే కింద సామాను పెట్టుకునే అరలున్నది ఎంచుకోవడం, అన్నీ ఈ కోవలోవే. ఇల్లు సర్దే సామగ్రి పేరుతో బజార్లో అమ్మే బుట్టలు, డబ్బాలు, వేలాడే సంచులు మన ఈ బలహీనత మీదే బతుకుతున్నాయి. అవి ఎక్కువవడం వల్ల ఇళ్లు చక్కబడ్డాయన్న దాఖలా నాకు కనబడదు.

తీసెయ్యడానికి, సర్దడానికి ఉన్న తేడాను లెక్కల్లో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. అరలో 10 పుస్తకాలుంటే వాటిని 36,28,800 రకాలుగా పేర్చవచ్చు. అందులో అకారాది క్రమం ఒక్కటే. పుస్తకాలన్నీ తీసి ఎలాపడితే అలా పెట్టేస్తే, క్రమం తప్పడానికి లక్షల దారులున్నాయి, క్రమం నిలవడానికి ఒకటే దారి. గది దానంతటదే చెదురుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే. ఇప్పుడు పుస్తకాలు 5 చేద్దాం. అమరికలు 120కి పడిపోతాయి. వస్తువులు సగమైతే అమరికలు 30,240 రెట్లు తగ్గాయి. భౌతికశాస్త్రంలో అస్తవ్యస్తతను కొలిచే ఎంట్రపీ అనేది అణువుల విషయం, దాన్ని గదికి నేరుగా అంటగట్టకూడదు. ఇంట్లో ఎవరికీ పుస్తకాలు అకారాదిగా ఉండనక్కర్లేదు కూడా. అయినా లెక్క చెప్పేది ఇంటికీ వర్తిస్తుంది. వస్తువుల సంఖ్య కొంచెం తగ్గినా చెదిరే దారులు ఎంతో తగ్గుతాయి. సంఖ్య తగ్గించకుండా రోజూ సర్దుతూ కూర్చోవడం ఓడిపోయే యుద్ధం.

అసలు చెదిరి ఉంటే నష్టమేమిటి? ఇక్కడ శాస్త్రం పేరుతో చలామణీ అయ్యే మాటల్లో గట్టివీ ఉన్నాయి, తాలూ ఉంది. గట్టిది మెదడులోని దృష్టి ప్రాంతానికి సంబంధించినది. కంటికి ఒకేసారి అనేక వస్తువులు కనిపించినప్పుడు, వాటికి స్పందించే నాడీకణాల సంకేతాలు ఒకదాన్నొకటి అణచివేసుకుంటాయి. మనం ఒకదాని మీద దృష్టి పెడితేగాని దానికి పైచెయ్యి రాదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో స్టెఫనీ మెక్‌మెయిన్స్, సబీన్ కాస్ట్‌నర్ 2011లో ఈ పోటీని మెదడు స్కానుల్లో కొలిచి చూపించారు. వాళ్లు చూపించినవి తెర మీది బొమ్మలే, వంటింటి గట్టు కాదు. కానీ జాడీల మధ్య ఉప్పు డబ్బా కోసం వెతికే కంటికి ఆ పోటీ తప్పదు. ఇంకో అధ్యయనం లాస్ ఏంజెలెస్‌ది. అక్కడ 32 మధ్యతరగతి కుటుంబాల జీవితాన్ని పరిశోధకులు వీడియోల్లో, ఫొటోల్లో నమోదు చేశారు. నాలుగింట మూడు గ్యారేజీల్లో సామాను నిండి కారుకు చోటే లేదు. ఆ కుటుంబాల్లోనే 30 జంటలను డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెటి పరిశీలించారు. తమ ఇల్లు చిందరవందరగా ఉందని, పనులు మిగిలిపోయాయని వర్ణించిన భార్యల్లో, ఒత్తిడికి సంబంధించిన కార్టిసోల్ హార్మోను పొద్దుటి నుంచి రాత్రికి తగ్గాల్సినంతగా తగ్గలేదని 2010లో వెల్లడించారు. భర్తల్లో ఆ సంబంధం అలా కనబడలేదు. చిందరవందర వల్ల ఒత్తిడి వచ్చిందా, ఒత్తిడిలో ఉన్నవాళ్లకు ఇల్లు అలా కనిపించిందా అన్నది ఈ ఒక్క అధ్యయనంతో తేలదు. ఇక తాలు సంగతి. నిర్ణయాలు తీసుకునే కొద్దీ సంకల్పబలం ఖర్చైపోతుందని, అందుకే ఇల్లు సర్దలేకపోతున్నామని చాలా పుస్తకాలు చెబుతాయి. ఆ సిద్ధాంతాన్ని 23 ప్రయోగశాలలు కలిసి రెండు వేలకు పైగా మందితో మళ్లీ పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితంలో, చెప్పుకోదగ్గ ప్రభావమే కనబడలేదు. ఇంత సుళువుగా నమ్మబుద్ధేసే మాటను కూడా తూకం వేసి చూడాల్సిందే.

మనసు సంగతి పక్కనపెడితే, మన ప్రాంతంలో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది మేడ మీది, పెరటి మూలల్లోని సామాను. పగిలిన కుండలు, పాత టైర్లు, మూత పోయిన డ్రమ్ములు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన పెయింటు డబ్బాలు, ఇవే డెంగీ దోమ ఏడిస్ ఈజిప్టికి ఇష్టమైన చోట్లు. ఆ దోమ నీటి మట్టానికి కాస్త పైన, డబ్బా లోపలి గోడకు గుడ్లు పెడుతుంది. ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ వాన పడి తడిస్తే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమగా మారడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. వారానికోసారి నిలవ నీళ్లు పారబోసే డ్రై డే పాటించమని ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి చెప్పడంలోని లెక్క ఇదే. ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు. మనల్ని కుట్టినది చాలావరకు మన మేడ మీదో, పక్కింటి పెరట్లోనో పుట్టినదే. నీళ్లు పారబోసి బోర్లించిన డబ్బాను కూడా, లోపలి గోడను రుద్ది కడగకపోతే, గుడ్లు వదలవు. ఆ డబ్బానే లేకపోతే ఈ బాధే లేదు.

ఇక్కడ పెద్దవాళ్లు అడిగే ప్రశ్న న్యాయమైనది. పారెయ్యడం దండగ కాదా? కరువు చూసిన తరానికి ప్రతి సీసా, ప్రతి తాడు ముక్క విలువైనదే, ఆ పొదుపును చులకన చెయ్యడం తప్పు. కానీ ఆ తరం ఇళ్లను జాగ్రత్తగా గమనిస్తే, వాళ్లు దాచినదాని కన్నా నడిపించినది ఎక్కువ. పాత నేత చీర బొంత అయ్యేది, బొంత చిరిగితే పసిపిల్లల పొత్తిగుడ్డ అయ్యేది, చివరకు మసిగుడ్డ అయ్యేది. పాత బట్టలిస్తే స్టీలు గిన్నెలిచ్చే మనిషి వీధిలో కేకేసేది. చిత్తుకాగితాలు, పాత ఇనుము కిలోల లెక్కన వెళ్లిపోయేవి. పేరంటంలో పెట్టిన రవికముక్క ఆ ఇంట్లో ఆగకుండా మరో పేరంటంలో మరొకరి ఒళ్లోకి చేరేది. ఒక్కరు కుట్టించుకునేలోపు ఎన్ని ఇళ్లు తిరిగేదో. భోగి పండగ పాతవాటిని వదిలించుకోవడానికి ఏడాదికి ఒక తేదీనే ఇచ్చింది. ఆ తేదీ ఉంచుకుని మంట మానాలి, ఎందుకంటే పీవీసీ లాంటి ప్లాస్టిక్కు, రంగులేసిన చెక్క కాలిస్తే విషవాయువులొస్తాయి. అంటే ఆ తరానికి వస్తువులు పోయే దారులుండేవి. మనం వచ్చే దారిని వెడల్పు చేసుకుని, ఆ దారులను మూసుకున్నాం. పాలియెస్టర్ చీర మసిగుడ్డ చేసినా నీళ్లు పీల్చదు, బిగించేసిన పరికరాన్ని వీధి చివర మెకానిక్ విప్పలేడు. వాడనిదాన్ని అటక మీద పెట్టడం పొదుపు కాదు. ఈ ఏడాది ఇంకొకరు నడిపించుకోగల గ్రైండరు పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. దండగ జరిగేది ఆ పదేళ్లలోనే. ఉబ్బిపోయిన ఫోను బ్యాటరీలను సొరుగులో దాచడం మరీ ప్రమాదం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాల రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఆ పరికరాలను ఇవ్వాల్సింది అధీకృత రీసైక్లింగ్ కేంద్రాలకే.

చిందరవందరే సృజనకు మేలన్న వాదమూ ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కాథ్లీన్ వోస్ బృందం 2013లో ప్రచురించిన ప్రయోగంలో, చెదిరిన గదిలో కూర్చున్నవాళ్లు పింగ్‌పాంగ్ బంతికి మరింత కొత్త ఉపయోగాలు చెప్పారు. దీన్ని నేను కొట్టిపారెయ్యను. సృజన మాట అటుంచి, దొంతరలు పేరుకున్న బల్లను సమర్థించడానికి కంప్యూటర్ శాస్త్రంలో ఇంకా గట్టి ఆధారమే ఉంది. వాడినదాన్ని వరస ముందుకు తెచ్చే పద్ధతికి వెతుకులాట ఖర్చు, రేపు ఏది కావాలో ముందే తెలిసిన పద్ధతి ఖర్చుకు రెట్టింపు దాటదని డేనియల్ స్లేటర్, రాబర్ట్ టార్జన్ 1985లో నిరూపించారు. వాడిన కాగితాన్ని దొంతర పైన పెట్టే రచయిత బల్ల దాదాపు అదే పద్ధతిలో నడుస్తోంది. పనిలో ఉన్న దొంతర జోలికి పోనక్కర్లేదు. అడుగుకు జారి ఏళ్లయినా పైకి రాని కాగితాల సంగతే తేల్చాలి. ఏది వాడుకలో లేదో దొంతరే చూపిస్తోంది.

జ్ఞాపకాల వస్తువులు వేరు. అక్కడ తర్కం పనిచెయ్యదు, పనిచెయ్యాలని కోరడం కూడా క్రూరత్వమే. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం హాస్టళ్లలో విరాళాల సేకరణ చేస్తూ, కొన్నిచోట్ల ఇచ్చే ముందు వస్తువు ఫొటో తీసుకోమన్నారు. అక్కడ సుమారు 15 శాతం ఎక్కువ వస్తువులు వచ్చాయని 2017లో ప్రచురించారు. జ్ఞాపకం నిలుస్తుందన్న భరోసా ఉంటే చెయ్యి వదులుతుంది. ఎంత భరోసా ఇచ్చినా వదలని వాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. అలా వదలలేకపోవడాన్ని 2013 నుంచి మానసిక వైద్యులు ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తున్నారు. డేవిడ్ టోలిన్ బృందం 2012లో అలాంటివారి సొంత కాగితాలను వాళ్ల కళ్లముందు పెట్టి, ఉంచాలా చింపాలా అని అడుగుతూ మెదడు స్కాన్ చేసింది. బాధను, ప్రాముఖ్యాన్ని అంచనా వేసే ప్రాంతాలు విపరీతంగా స్పందించాయి. వేరేవాళ్ల కాగితాల విషయంలో అలా జరగలేదు. అలాంటి పెద్దవాళ్లు ఊరికి వెళ్లినప్పుడు పిల్లలు ఇల్లు ఖాళీ చేయించడం చికిత్స కాదు, గాయం. మనస్తత్వ నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

చివరగా, ఈ తేల్చే పని ఎవరిది? 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చించేవారు. పురుషుల్లో ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లు నూటికి 26 మంది, వాళ్లు వెచ్చించినది 97 నిమిషాలు. వస్తువులు తెచ్చేది ఇంటిల్లిపాదీ, వాటి భారం మోసేది ఒక్కరు. తెచ్చినవాళ్లు తేల్చనంతకాలం ఆ ఒక్కరికి తీసెయ్యడానికి అధికారమూ ఉండదు. నాన్న పాత ఫైళ్లు, కొడుకు పగిలిన హెల్మెట్ ఆమె ముట్టుకుంటే గొడవ. ఎవరి అరకు వాళ్లే బాధ్యులు కావాలి, నిండిన అరలోకి కొత్తది రావాలంటే పాతది తీయడం తెచ్చినవాళ్ల పనే కావాలి. గుమ్మం దగ్గర ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టి, నెలాఖరున అది ఎక్కడికి వెళ్లాలో ముందే అందరూ కలిసి అనుకుంటే, పసివాడి పొట్టి చొక్కాను పసివాడే తెచ్చి అందులో వెయ్యగలడు.