నిన్నటి డిస్కే... పేరు మారింది!

శబరి ఒడ్డున ఉన్న చింతూరు 1959 వరకు తూర్పుగోదావరి జిల్లా. ఆ ఏడాది భద్రాచలం తాలూకాతో కలిసి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు మండలాల బదలాయింపుతో మళ్లీ తూర్పుగోదావరికి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లింది. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లా పేరే మారుతూ వచ్చింది.

సర్వర్లలోని డిస్కులదీ ఇదే తంటా. కాకపోతే అక్కడ పేరు మారడానికి చట్టం అక్కర్లేదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు.

లైనక్స్ సర్వర్ లేవగానే తనకు తగిలించిన డిస్కులను వెతుక్కుంటుంది. ముందు పలికినదానికి ఎస్‌డీఏ, తర్వాతి దానికి ఎస్‌డీబీ, ఆపైన ఎస్‌డీసీ. ఎస్‌డీజెడ్ దాకా అయిపోతే ఎస్‌డీఏఏ మొదలవుతుంది. అంటే ఆ పేరు డిస్కుది కాదు, వరసలో దాని స్థానానిది. కొత్త కంట్రోలర్ కార్డు పెట్టినా, ఎవరో పెన్‌డ్రైవ్ తీయడం మరిచిపోయినా, ఒక డిస్కు తిరగడం కాస్త ఆలస్యమైనా వరస తారుమారు కావచ్చు.

అయితే ఏమిటి నష్టం? ఏ డిస్కును ఏ ఫోల్డర్‌కు తగిలించాలో ‘ఎఫ్‌స్టాబ్’ అనే చిన్న ఫైలులో రాసి ఉంటుంది. అందులో ‘ఎస్‌డీబీ1 అంటే డేటా’ అని ఉందనుకుందాం. రీబూట్ తర్వాత ఎస్‌డీబీ పేరు బ్యాకప్ డిస్కుకు దక్కిందంటే రోజువారీ డేటా అందులోకి పోతుంది. ఆ పేరే దొరక్కపోతే సర్వర్ కాసేపు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. నిజానికి ఇదే నయం, తప్పు వెంటనే కనబడుతుంది. పాత అలవాటుగా ఎస్‌డీబీని ఫార్మాట్ కొట్టేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

దీనికి విరుగుడు యూయూఐడీ. ఫార్మాట్ చేసినప్పుడు ఫైల్‌సిస్టమ్‌లోనే రాసిపెట్టే 128 బిట్ల సంఖ్య ఇది. డిస్కును ఏ కేబుల్‌కు మార్చినా, మరో సర్వర్‌లో పెట్టినా అదే ఉంటుంది. ఎఫ్‌స్టాబ్‌లో ఎస్‌డీబీ1కి బదులు దీన్ని రాస్తే వరసతో పనిలేదు. అలాగని దీన్నీ గుడ్డిగా నమ్మకూడదు. మళ్లీ ఫార్మాట్ చేస్తే సంఖ్య మారిపోతుంది. డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే రెండింటికీ ఒకటే సంఖ్య. అలాంటి జంటలో ఒకటి తగిలించి ఉండగా రెండోదాన్ని ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మామూలుగా ఒప్పుకోదు.

చెడిపోయిన డిస్కును చేత్తో బయటికి లాగేటప్పుడు మాత్రం యూయూఐడీ ఎందుకూ కొరగాదు, అది ట్రే మీద ఉండదు కదా. అక్కడ కావాల్సింది కంపెనీవాడు అంటించిన సీరియల్ నంబర్. కొన్ని డిస్కులను ఒకే జట్టుగా కలిపే రెయిడ్-5 అమరికలో ఒక డిస్కు పోయినా బండి నడుస్తుంది. పొరపాటున పక్కనున్న మంచి డిస్కును లాగితే మొత్తం ఆగుతుంది. పైగా పూర్తిగా పోయిన డిస్కు ఒక్కోసారి తన నంబరు కూడా చెప్పదు. అందుకే ముందుచూపున్నవాళ్లు సర్వర్ బిగించిన రోజే ఏ ట్రేలో ఏ సీరియల్ నంబరు ఉందో రాసి ర్యాక్ తలుపుకు అంటిస్తారు. పలుకుతున్న నంబర్లను ఒక్కొక్కటే కొట్టేస్తూ వెళ్తే, మిగిలిందే తీయాల్సిన డిస్కు.